‘మొట్టికాయ’ అని శీర్షిక పెట్టే ముందు

సంపాదకుల వారికి,

నమస్కారం. ‘హైకోర్టు మొట్టికాయ’, ‘సర్కారుకు చెంపపెట్టు’, ‘చట్టాన్ని కొట్టేసిన సుప్రీం’. తెలుగు పత్రికల్లో కోర్టు వార్తలన్నీ ఈ మూడు నాలుగు శీర్షికల మీదే బతుకుతున్నాయి. మీ పత్రికకూ మినహాయింపు లేదు. ఎవరికి దెబ్బ తగిలిందో వాటితో తెలుస్తుంది. ఆ చట్టం ఏ ప్రశ్న దగ్గర ఓడిపోయిందో మాత్రం తెలియదు. పాఠకుడికి అసలు కావలసింది అదే, ఎందుకంటే ఓడిన చట్టం రేపు మరో రూపంలో తిరిగొస్తుందా, ఇక రాదా అన్నది దాని మీదే ఆధారపడి ఉంటుంది.

బెంగళూరులో విధాన సౌధకు సరిగ్గా ఎదురుగా ఎర్రటి అఠారా కచేరీ ఉంది. అదే కర్ణాటక హైకోర్టు. మధ్యలో అంబేద్కర్ వీధి ఒక్కటే అడ్డం. చట్టం చేసేవాళ్లు ఈ పక్క, దాన్ని నిలబెట్టి అడిగేవాళ్లు ఆ పక్క. ఇక్కడి తెలుగువాళ్లకు ఉన్న ఊళ్లో ఒక శాసనసభ, సొంతూరి వైపు ఇంకొకటి. రెండు చోట్ల చట్టాలూ తగులుతాయి కాబట్టి ఈ పేజీని మిగతావాళ్లకంటే కాస్త జాగ్రత్తగానే చదువుతారు. అందుకే ఈ ఉత్తరం.

మొదట అందరూ కలిపేసే సంగతి. కోర్టు కొట్టేసేదంతా చట్టం కాదు. జీవో వేరు, నిబంధన వేరు, ఆర్డినెన్సు (సభ సమావేశాల్లో లేనప్పుడు తెచ్చే తాత్కాలిక చట్టం) వేరు, సభ ఆమోదించిన చట్టం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్లో తెలుగు మీడియం తీసేసి అంతా ఇంగ్లిషు మీడియమే అన్న 81, 85 నంబరు జీవోలను అక్కడి హైకోర్టు 2020 ఏప్రిల్ 15న రద్దు చేసింది. ఆ రోజు కూడా కొందరు ‘చట్టం కొట్టివేత’ అనే మాట్లాడుకున్నారు. అక్కడ పడిపోయింది రెండు జీవోలు. జీవో రాజ్యాంగానికి తలవంచాలి, పైనున్న చట్టానికీ తలవంచాలి. ఇద్దరు యజమానుల కింద పనిచేసే మనిషిలాంటిది కాబట్టి దొరికిపోవడం తేలిక. కర్ణాటకలోనూ ఇదే కథ. ప్రాథమిక తరగతుల్లో మాతృభాషలోనే, లేదంటే కన్నడంలోనే చదువు చెప్పాలన్న పట్టుదలకు పునాది 1994 ఏప్రిల్ 29 నాటి ప్రభుత్వ ఉత్తర్వు. బోధన భాషను అలా బలవంతంగా రుద్దడం కుదరదని సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2014 మే 6న తేల్చింది. పేపర్లలో కనిపించే ‘మొట్టికాయ’ల్లో చాలా భాగం ఈ బాపతే. తగిలేది మంత్రివర్గానికి, సచివాలయానికి. సభకు తగిలేవి తక్కువ, తగిలినప్పుడు లోతుగా తగులుతాయి.

సభ చేసిన చట్టం కోర్టు ముందుకు వస్తే మొదటి ప్రశ్న: ఈ విషయం మీద చట్టం చేసే అధికారం అసలు మీకుందా? రాజ్యాంగం ఏడో షెడ్యూలులో మూడు జాబితాలున్నాయి. కేంద్రానిది ఒకటి, రాష్ట్రానిది ఒకటి, ఇద్దరిదీ ఒకటి. ఇంత పెద్ద ప్రశ్నకు పేకాట కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ‘పందేలు, జూదం’ రాష్ట్ర జాబితాలో 34వ అంశం. కర్ణాటక శాసనసభ 2021లో పోలీసు చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యం అవసరమైన వాటితో సహా, నిషేధించింది. 2022 ఫిబ్రవరి 14న ఎదురు భవనం ఆ సవరణలో ముఖ్యమైన సెక్షన్లను కొట్టేసింది. కారణం వెతకాలంటే 1967 దాకా, మన సికింద్రాబాద్ దాకా వెనక్కి వెళ్లాలి. అక్కడి ఒక క్లబ్బులో రమ్మీ ఆడినందుకు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా నడిచింది. మూడు ముక్కలాట అయితే ముక్క పడటం మీదే అంతా ఉంటుంది, అది అదృష్టం. రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తుపెట్టుకోవాలి, ఏది దాచాలో ఏది పారేయాలో లెక్క వేసుకోవాలి. కాబట్టి ఇందులో నైపుణ్యానిదే పైచేయి అని కోర్టు చెప్పింది. నైపుణ్యం ఉన్న ఆట జూదం కానప్పుడు ‘జూదం’ అన్న 34వ అంశాన్ని సాగదీసి దాన్ని అందులోకి ఇరికించలేరు. వృత్తి, వ్యాపార స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణ కూడా అడ్డొచ్చింది.

ఆ తీర్పు చివర్లో ఇంకో మాట ఉంది. పందేలు, జూదం మీద రాజ్యాంగానికి లోబడి తగిన చట్టం తెచ్చుకోవడానికి ఈ తీర్పు అడ్డం కాదు అని. ‘ఆన్‌లైన్ రమ్మీకి పచ్చజెండా’ అని శీర్షిక పెడితే ఈ మాట ఎగిరిపోతుంది. చదివినవాడు ఇక శాశ్వతంగా నిశ్చింత అనుకుని డబ్బు పెడతాడు. 2025 ఆగస్టులో పార్లమెంటే డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. దాని మీద వేర్వేరు హైకోర్టుల్లో పడిన పిటిషన్లు సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. ఆట అదే, చట్టం చేసిన సభ మారింది కాబట్టి ప్రశ్న కూడా మారింది.

రెండో ప్రశ్న ప్రాథమిక హక్కులది. 13వ అధికరణ ప్రకారం హక్కులను హరించే చట్టం, హరించిన మేరకు చెల్లదు. ‘మేరకు’ అన్న మాటను తీసిపారేయకూడదు. చెడిన సెక్షన్ ఒక్కటే తీసేస్తే మిగతా చట్టం తన కాళ్ల మీద తాను నిలబడగలిగితే దాన్ని నిలబెడతారు. విడదీయలేనంతగా పెనవేసుకుని ఉంటేనే మొత్తం పోతుంది. నలభై సెక్షన్ల చట్టంలో రెండు పోతే ‘చట్టం రద్దు’ అని రాయడం, ఇంట్లో ఒక కిటికీ పగిలితే ఇల్లు కూలిందని చెప్పడమే.

ఇక కోర్టు అడగనివి. ఇక్కడే జనానికి ఎక్కువ నిరాశ. చట్టం మంచిదా చెడ్డదా అని అడగదు. ఎవరి మీద కోపంతో చేశారని అడగదు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కి ఒక్కసారిగా దించినప్పుడు ఎన్ని ఇళ్లు తల్లకిందులయ్యాయో ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆర్డినెన్సు రూపంలో వచ్చిన ఆ మార్పును సుప్రీంకోర్టు 1985లో నిలబెట్టింది. ఆర్డినెన్సు ఇవ్వడం కూడా చట్టం చేసే అధికారమే, దానికి దురుద్దేశం అంటగట్టి పడగొట్టడం కుదరదంది. అధికారి ఇచ్చిన ఉత్తర్వుకు కక్షసాధింపు అంటగట్టవచ్చు, సభకు అంటగట్టలేరు. తర్వాత మళ్లీ అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన 1995 నాటి మద్యనిషేధం. దానిపై మద్యం కంపెనీలు వేసిన కేసులో 1996లో జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పు ఇంకా గట్టిగా చెప్పింది: చట్టాన్ని కొట్టేయడానికి కారణాలు రెండే. అధికారం లేకపోవడం ఒకటి, ప్రాథమిక హక్కులనో రాజ్యాంగంలోని మరో నిబంధననో ఉల్లంఘించడం రెండోది. ఊరికే ‘అడ్డగోలుగా ఉంది’ అంటే చాలదు.

ఆ గట్టిదనం ఇప్పుడు కొంత సడలింది. 2017 ఆగస్టు 22న మూడు తలాక్ కేసులో, చట్టం పైకి కనిపించేంత అడ్డగోలుగా ఉంటే, సమానత్వం చెప్పే 14వ అధికరణ కింద అదొక్కటే కారణంగా సరిపోతుందని జస్టిస్ నారిమన్ రాశారు. అప్పటినుంచి పిటిషన్లలో ఈ మాట ఉప్పులా పడుతోంది. ప్రతి కూరలోనూ పడినంత మాత్రాన ప్రతి కూరా రుచిగా రాదు. ఈ ఒక్క కారణం మీద నెగ్గినవి చాలా తక్కువ.

సభలో గొడవ మధ్య, చర్చ లేకుండా, ఐదు నిమిషాల్లో బిల్లు పాసయింది కాబట్టి చెల్లదు అన్న వాదన కూడా తరచూ వింటాం. పార్లమెంటుకు 122వ అధికరణ, రాష్ట్రాల సభలకు 212వ అధికరణ రక్షణ ఇస్తాయి. సభ లోపలి పద్ధతిలో లోపం ఉందన్న కారణంతో కోర్టు విచారణ చేయకూడదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయిన వేళ రాష్ట్ర విభజన బిల్లు పాసవడం మనకు తెలిసిందే. అంతకు ముందు జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ బిల్లును తిప్పికొట్టింది. అయినా 3వ అధికరణ అడిగేది రాష్ట్ర సభ అభిప్రాయం తీసుకోమని. ఒప్పుకోవాలని అడగదు. మనసుకు ఎంత మింగుడుపడకపోయినా నియమం అది.

ఇప్పుడు అసలు తికమక: కొట్టేసిన చట్టాన్ని సభ మళ్లీ తేవచ్చా? ‘కోర్టు తీర్పును తుంగలో తొక్కిన ప్రభుత్వం’ అన్న శీర్షిక వచ్చేది ఇక్కడే. తీర్పు తప్పు అని సభ చట్టం చేయలేదు. తీర్పుకు ఆధారమైన లోపాన్ని సవరించి మళ్లీ చట్టం చేయవచ్చు. పరీక్ష సులువే: చట్టం ఇప్పుడున్నట్టే ఆనాడూ ఉండి ఉంటే కోర్టు ఆ తీర్పు ఇచ్చి ఉండేదా? ఇచ్చి ఉండేది కాదు అంటే కొత్త చట్టం నిలుస్తుంది.

కర్ణాటకలోనే రెండు వైపులా ఒక్కో ఉదాహరణ ఉంది. రిజర్వేషన్ మీద పదోన్నతి పొందిన ఉద్యోగులకు ఆ పదోన్నతితో వచ్చే సీనియారిటీని కూడా ఇవ్వాలన్న 2002 నాటి చట్టాన్ని సుప్రీంకోర్టు 2017 ఫిబ్రవరి 9న పవిత్ర కేసులో కొట్టేసింది. ప్రాతినిధ్యం చాలదని చూపే లెక్కలు లేవు, పరిపాలనా సామర్థ్యం మీద పరిశీలన లేదు అన్నది కారణం. ప్రభుత్వం కోర్టును తిట్టుకుంటూ కూర్చోలేదు. అప్పటి అదనపు ప్రధాన కార్యదర్శి రత్నప్రభకు పని అప్పగించింది (2021 తిరుపతి ఉప ఎన్నికలో పోటీ చేసిన రత్నప్రభే). శాఖలవారీగా లెక్కలు తీశారు, నివేదిక వచ్చింది, దాని మీద 2018లో కొత్త చట్టం చేశారు, రాష్ట్రపతి ఆమోదం తీసుకున్నారు. 2019 మే 10న సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. విషయం అదే, ఫలితం తిరగబడింది, మధ్యలో మారింది లెక్కలు. ఆ లెక్కలకూ తర్వాత చిక్కు వచ్చింది. ప్రాతినిధ్యాన్ని పలు హోదాలు కలిసిన గ్రూపులవారీగా కాక ఒక్కో హోదాకు, అంటే కేడర్‌వారీగా లెక్కించాలని, గ్రూపుల లెక్కను ఒప్పుకున్న 2019 తీర్పులోని ఆ భాగం సరికాదని 2022 జనవరి 28న ముగ్గురు జడ్జీలు చెప్పారు. సర్వీసు కేసులు ఎందుకు ముప్పై ఏళ్లు నడుస్తాయో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

రెండో ఉదాహరణ కావేరి. 1991 జూన్ 25న నీటి తగవు తేల్చే ట్రైబ్యునల్ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది: కర్ణాటక ఏడాదికి 205 టీఎంసీలు తమిళనాడులోని మెట్టూరుకు చేరేలా వదలాలి. నెల తిరిగేసరికి, జులై 25న, కర్ణాటక ఆర్డినెన్సు తెచ్చింది. తమ రైతుల నీటిని కాపాడుకోవడమే లక్ష్యమని, ట్రైబ్యునల్ ఉత్తర్వు ఏమన్నా సరేనని దాని సారాంశం. రాష్ట్రపతి 143వ అధికరణ కింద సుప్రీంకోర్టు సలహా అడిగారు. నవంబరు 22న జవాబు వచ్చింది: ఇది చెల్లదు. ఇక్కడ లోపం సవరించడం ఏమీ లేదు. ఇద్దరి మధ్య తగవులో వచ్చిన ఉత్తర్వును, ఆ ఇద్దరిలో ఒకరు తన సభను అడ్డుపెట్టుకుని చెరిపేస్తున్నారు. తన కేసుకు తానే జడ్జి కావడం. పైగా నీళ్లు కర్ణాటక సరిహద్దు దాటి పారేవి, రాష్ట్రం చేసే చట్టం సరిహద్దు దగ్గర ఆగిపోవాలి.

జల్లికట్టు, కంబళ (కర్ణాటకలో దున్నపోతుల పరుగు పందెం) కథ పవిత్ర కేసు వరుసలోకే వస్తుంది. తమిళనాడు 2009 చట్టం కేంద్రం చేసిన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికి విరుద్ధమని 2014 మే 7న సుప్రీంకోర్టులో పడిపోయింది. జంతుహింస ఉమ్మడి జాబితాలోది. అక్కడ కేంద్ర చట్టంతో రాష్ట్ర చట్టం ఢీకొంటే కేంద్రానిదే పైచేయి, రాష్ట్రపతి ఆమోదం దొరికితే తప్ప. తమిళనాడు, కర్ణాటక కేంద్ర చట్టాన్నే తమ రాష్ట్రాల వరకు సవరించుకుని ఆ ఆమోదం తెచ్చుకున్నాయి. 2023 మే 18న ఐదుగురు జడ్జీలు ఆ సవరణలను నిలబెట్టారు. సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరుల దగ్గర ‘జల్లికట్టుకు ఒప్పుకున్నారుగా, మాకెందుకు వద్దంటారు’ అని అడిగేవాళ్లు ఈ తేడా గమనించాలి. జల్లికట్టు వెనుక చట్టం ఉంది, పందేల వెనుక అలవాటే ఉంది.

సభాపతి నిర్ణయాల వార్తల్లో ఒకే తీర్పును రెండు పక్షాలూ తమ గెలుపుగా చూపించుకుంటాయి. 2019 జులైలో కర్ణాటక సభాపతి 17 మంది ఎమ్మెల్యేలను అనర్హులను చేశారు, ఆ సభ గడువు ముగిసే దాకా పోటీ చేయకూడదని కూడా రాశారు. నవంబరు 13న సుప్రీంకోర్టు అనర్హతను నిలబెట్టి, రెండో వాక్యాన్ని కొట్టేసింది. అనర్హుడని ప్రకటించే అధికారం సభాపతికి ఉంది, ఎన్నాళ్లు అన్నది నిర్ణయించే అధికారం లేదు. ఆ ఒక్క వాక్యం పోవడంతో డిసెంబరు 5 ఉప ఎన్నికల్లో పోటీకి వాళ్లకు దారి తెరుచుకుంది. శీర్షికలో ‘అనర్హత సబబే’ అని రాసినా నిజమే, ‘ఎమ్మెల్యేలకు ఊరట’ అని రాసినా నిజమే. రెండూ రాస్తేనే వార్త.

రాజ్యాంగాన్నే సవరించినప్పుడు మాత్రం ప్రశ్న వేరు. 1967లో రాజమండ్రికి చెందిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు నాయకత్వంలో 6:5తో ‘హక్కులను సవరణతోనూ తాకరాదు’ అన్నారు. 1973 ఏప్రిల్ 24న 13 మంది జడ్జీలు 7:6తో ‘సవరించవచ్చు, మౌలిక స్వరూపాన్ని చెరపరాదు’ అన్నారు. సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించరాదని పార్లమెంటు 42వ సవరణలో రాసుకున్న భాగాన్ని 1980లో కొట్టేయించిన కేసు, మన బెంగళూరు బట్టల మిల్లు మినర్వాది. అరుదుగా వాడే ఆయుధం కాబట్టి దీన్ని ఇంతటితో వదిలేస్తాను.

రోజువారీ వార్తల్లో ఇంతకంటే నష్టం చేసేవి చిన్న చిన్న మాటలు. ‘హైకోర్టు సీరియస్’ అంటే చాలాసార్లు అర్థం, విచారణ మధ్య జడ్జి ఏదో అడిగారని. నోటి మాట ఉత్తర్వు కాదు. సంతకమైన కాగితంలో ఉన్నదే ఉత్తర్వు. ‘నోటీసులు’ అంటే కౌంటరు, అంటే జవాబు, వేయమన్నారని, అంతే. ‘స్టే’, అంటే అమలును తాత్కాలికంగా ఆపడం, వేరు. సభ చేసిన చట్టం చెల్లుతుందనే అనుకుని కోర్టు మొదలుపెడుతుంది, తప్పని నిరూపించే భారం పిటిషనరుది. అందుకే చట్టానికి స్టే దొరకడం జీవోకు దొరికినంత తేలిక కాదు. 2021 జనవరి 12న మూడు సాగు చట్టాల అమలును సుప్రీంకోర్టు ఆపడం అరుదైన సందర్భం. అవి చెల్లుతాయా అన్న ప్రశ్న తేలకుండానే ఆ ఏడాది చివర్లో పార్లమెంటే వాటిని వెనక్కి తీసుకుంది. కాబట్టి ‘సుప్రీం కొట్టేసిన సాగు చట్టాలు’ అని ఇప్పటికీ ఎవరైనా రాస్తే అది తప్పు.

కొట్టేసిన తర్వాత ఏమవుతుందన్నది అసలు వార్తే కాకుండా పోతోంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు పూర్తిగా కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత, 2021 జులైలో, పోలీసులు ఇంకా ఆ సెక్షన్ కింద కేసులు పెడుతున్నారని తెలిసి అదే కోర్టు నివ్వెరపోయింది. కారణం చాలా మామూలుది. కోర్టు చట్టాన్ని చెల్లదని ప్రకటిస్తుంది, పుస్తకంలోంచి అక్షరాలు చెరపదు. చెరపాల్సింది సభ. 2023లో పార్లమెంటు దాన్ని తీసేసే దాకా అచ్చు పుస్తకంలో 66ఏ ఉన్నచోటే ఉండేది, కొట్టేశారన్న సంగతి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉండేది. స్టేషన్లో ఎఫ్‌ఐఆర్ రాసే చేయి పేజీ అడుగుదాకా వెళ్లేది కాదు. చివరికి 2022 అక్టోబరు 12న, 66ఏ కింద ఎవరినీ విచారించరాదని, అన్ని రాష్ట్రాల పోలీసు అధిపతులూ కింది స్టేషన్లకు చెప్పాలని కోర్టు మళ్లీ ఉత్తర్వు ఇచ్చింది. ఒక్క జాగ్రత్త: అదే ఎఫ్‌ఐఆర్‌లో వేరే సెక్షన్లుంటే వాటి కేసు నడుస్తుంది. 66ఏ ఒక్కటే ఊడిపోతుంది.

మీ విలేకరులకు నా విన్నపం. తీర్పు చేతికి రాగానే చివరి రెండు మూడు పేజీలు ముందు చూడమనండి, అమలు భాగం అక్కడే ఉంటుంది. పడిపోయింది జీవోనా చట్టమా, ఏ సెక్షన్, అధికారం లేకనా హక్కుల వల్లనా, మిగతాది బతికి ఉందా, అప్పీలుకు వెళ్లేందుకు తీర్పు అమలును కొన్నాళ్లు ఆపారా అన్నవి ఒక్క పేరాలో పట్టే సంగతులే. తీర్పులు కోర్టుల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, సుప్రీంకోర్టువి కొన్ని తెలుగులో కూడా వస్తున్నాయి. ఆ పేరాకు చోటు చాలకపోతే ‘మొట్టికాయ’ను తీసేసి ఆ చోటివ్వండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బెంగళూరు